ధ్వనికి నెలవు: స్పేషియల్ ఆడియో మిశ్రమ చరిత్రలో మూలపాఠ సమస్య

గ్రంథపరిష్కరణలో మూలప్రతి ఏదన్న ప్రశ్న ఎంత పాతదో, ముద్రితధ్వని విషయంలో అది అంత కొత్తది. గ్రామఫోను రికార్డు నుండి కాంపాక్ట్ డిస్క్ వరకు పాటకు ప్రామాణిక పాఠం ఏదో నిర్ణయించడంలో పెద్ద చిక్కు ఉండేది కాదు. స్టూడియోలో గాత్రాన్నీ వాద్యాలనూ తగిన పాళ్ళలో కలిపిన తరువాత మిగిలే టేపే మూలం. తక్కినవన్నీ దాని ప్రతులు. ప్రతి అరిగిపోవచ్చు, గీతలు పడవచ్చు. కాని ఏది మూలమో సందేహం రాదు. సినిమాలో 2012 తరువాత, సంగీతంలో 2019 తరువాత ఈ స్థితి మారింది. డాల్బీ అట్మాస్ వంటి పద్ధతులలో స్టూడియో నుండి వెలువడేది ధ్వని మాత్రమే కాదు. ఏ ధ్వని ఎక్కడ నిలవాలో చెప్పే సూచనలు కూడా. శ్రోత దగ్గరి యంత్రం ఆ సూచనలను చదివి, తనకున్న స్పీకర్లకు తగినట్లు ధ్వనిని అప్పటికప్పుడు కూరుస్తుంది. మిశ్రమం పూర్తి కావడం స్టూడియోలో కాదు, శ్రోత చెంత. ఈ మార్పునకు బీజం 1940 నాటికే పడిందనీ, దాని ఫలితంగా ధ్వనిముద్రణకు కూడా పాఠాంతర సమస్య ఏర్పడిందనీ చూపడం ఈ వ్యాసోద్దేశం.

పరిభాష గురించి ముందుగా ఒక మాట. ధ్వని ఉన్న చోటును "స్థానం" అనడం సహజంగా తోస్తుంది. కాని సంగీతశాస్త్రంలో మంద్ర, మధ్య, తార భేదాలతో స్థానమంటే స్వరపు ఎత్తుకు సంబంధించిన మాట. "స్థాయి" సంగతీ అంతే. ఎత్తుగా అమర్చిన స్పీకరునుండి వచ్చే మంద్రస్వరాన్ని ఈ మాటలతో వర్ణించబోతే అర్థం తలకిందులవుతుంది. అందుచేత ఇక్కడ "నెలవు" అన్న దేశ్యపదం గ్రహించబడింది. ధ్వని అన్న మాట ఆనందవర్ధనుని అర్థంలో కాక కేవల శబ్దార్థంలోనే వాడబడిందని వేరుగా చెప్పనక్కరలేదు.

రెండు చెవులు, రెండు మార్గాలు

1881లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదేర్ అనే ఇంజనీరు ఒపేరా రంగస్థలం అంచున వరుసగా టెలిఫోను ప్రేషకాలను అమర్చి, వాటి తీగలను ప్రదర్శనశాలకు రప్పించాడు. ఒక్కొక్క శ్రోతకు రెండేసి శ్రవణకాలు ఇవ్వబడ్డాయి. రంగస్థలానికి ఎడమవైపు గ్రహించినది ఒక చెవికి, కుడివైపు గ్రహించినది మరొక చెవికి చేరేది. గాయకుడు వేదికపై అటునుండి ఇటు నడిస్తే ఆ నడక దూరాన ఉన్న శ్రోతకు తెలిసింది. ఇది ఎందుకు సాధ్యమైందో చెప్పే సిద్ధాంతం తరువాత వచ్చింది. 1907లో లార్డ్ రేలీ దీనిని రెండు హేతువులతో వివరించాడు. పక్కనుండి వచ్చే ధ్వని దూరపు చెవికి కొంత ఆలస్యంగా చేరుతుంది. ఎక్కువ పౌనఃపున్యాల విషయంలో తల అడ్డుపడి ఆ చెవికి ధ్వని కొంత తగ్గుతుంది. ఆ ఆలస్యం అత్యధికంగా ఉన్నప్పుడు కూడా సెకనులో వెయ్యవ వంతుకు లోపే. అంత స్వల్ప భేదంతో మెదడు దిక్కును నిర్ణయించుకుంటుంది.

ఈ జ్ఞానాన్ని ముద్రణకు అన్వయించిన కీర్తి అలన్ బ్లూమ్‌లైన్‌ది. భార్యతో సినిమాకు వెళ్ళినప్పుడు తెరమీది నటుడు ఒక వైపునకు నడుస్తున్నా గొంతు మాత్రం ఒకే చోటునుండి రావడం అతనికి వెగటు కలిగించిందని చెబుతారు. కథ నిజమైనా కాకపోయినా, 1931 డిసెంబరు 14న అతడు దాఖలు చేసిన బ్రిటిష్ పేటెంటులోని 70 అధికార ప్రకటనలు చదివితే సినిమాయే అతని మనసులో ముందున్నదని స్పష్టమవుతుంది. ఒకే గాడి యొక్క రెండు గోడలలో రెండు మార్గాలను చెక్కడం, రెండు మైకులను ఒకే బిందువు దగ్గర కోణంగా నిలపడం, అన్నీ అందులో ఉన్నాయి. 1934 జనవరిలో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహించిన మొజార్ట్ సింఫనీని అతడు ఈ పద్ధతిలో ముద్రించాడు. స్టీరియో రికార్డులు విపణిలోకి రావడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 1942 జూన్‌లో రాడార్ పరీక్షలు జరుపుతున్న విమానం కూలి బ్లూమ్‌లైన్ మరణించాడు. అప్పటికి వయస్సు 38.

బ్లూమ్‌లైన్ పద్ధతిలో నెలవు ధ్వనితో కలిసిపోయి ఉంటుంది. ఎడమ, కుడి మార్గాల నిష్పత్తిలోనే అది ఇమిడి ఉంది. దానిని వేరు చేసి చూపలేము. రెండు స్పీకర్లకు సమానంగా పంపిన గాత్రం నడుమనుండి వస్తున్నట్లు తోస్తుంది గాని అక్కడ స్పీకరేమీ లేదు. స్టీరియోలో గాయకుడు నిలిచే చోటు ఒక భ్రమ. శ్రోత ఒక అడుగు పక్కకు జరిగితే చెదిరిపోతుంది. ఈ బలహీనతయే తరువాతి చరిత్రకంతటికీ ప్రేరణ.

సంగీతనిర్వాహకుడు మిశ్రమకర్తగా మారిన వేళ

1933 ఏప్రిల్ 27న బెల్ ప్రయోగశాల చేసిన ప్రదర్శనలో ఒక విశేషముంది. ఫిలడెల్ఫియా వాద్యబృందం తన నగరంలోనే వాయిస్తుండగా, మూడు మార్గాల ద్వారా ఆ సంగీతం వాషింగ్టన్ నగరంలోని సభామందిరానికి చేరింది. బృందాన్ని ఆనాడు నడిపినది అలెగ్జాండర్ స్మాలెన్స్. బృందానికి అసలు నిర్వాహకుడైన లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చుని మూడు మార్గాల తీవ్రతను నియంత్రించాడు. సంగీతనిర్వహణ అనే కళలో కొంత భాగం వాద్యకారుల ఎదుటి నుండి యంత్రం వద్దకు తరలిపోయిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి. ధ్వనిమిశ్రమాన్ని కేవలం సాంకేతిక వృత్తిగా పరిగణించే చరిత్రలు ఈ సంఘటనకు తగిన ప్రాధాన్యం ఇవ్వలేదు.

అదే స్టొకోవ్‌స్కీ 1940 నవంబరు 13న న్యూయార్క్‌లో విడుదలైన వాల్ట్ డిస్నీ చిత్రం "ఫాంటేజియా"కు సంగీతం నిర్వహించాడు. దానికై రూపొందిన ఫాంటాసౌండ్ పద్ధతి ఈ వ్యాసానికి కీలకం. చిత్రంతో పాటు నడిచే ప్రత్యేక ఫిల్ముమీద నాలుగు దారులు ఉండేవి. మూడింటిలో సంగీతం. నాలుగవ దానిలో సంగీతం లేదు. కొన్ని నియంత్రణ నాదాలు మాత్రం ఉండేవి. వాటి బలాన్ని అనుసరించి థియేటరులోని యంత్రం తక్కిన మూడు మార్గాల తీవ్రతను పెంచడం, తగ్గించడం చేసేది. ఆ నాలుగవ దారిని ఎవరూ వినరు. అది శ్రోతకు కాదు, యంత్రానికి రాసిన ఉత్తరం. ధ్వనిని ఒక దిక్కునుండి మరొక దిక్కునకు జరిపే "పాన్ పాట్" అన్న పరికరానికి ఆ పేరు కూడా ఈ ప్రయత్నంలోనే ప్రచారమైంది. పరికరాల వ్యయం, వాటిని నిలపడంలోని శ్రమ మూలంగా ఫాంటాసౌండ్ కొద్ది నగరాలను దాటి వెళ్ళలేదు. యుద్ధంతో అదీ ఆగింది. కాని ధ్వని ఒక చోట, ధ్వనిని గురించిన ఆదేశం మరొక చోట అన్న విభజన ఇక్కడ ప్రారంభమైంది. నేటి పరిభాషలో ఆ నాలుగవ దారియే మెటాడేటా.

తెలుగువారికి ఈ విభజన అపరిచితం కాదు. తాళ్ళపాక రాగిరేకులమీద సంకీర్తన సాహిత్యమూ, దానికి రాగం పేరూ ఉన్నాయి, స్వరలిపి లేదు. రాగనామం ఒక ఆదేశం. దానిని చదివి నాదంగా మార్చినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన తరువాతి విద్వాంసులు. ఒకే రేకుకు రెండు వరుసలు వినిపించినప్పుడు ఏది అన్నమయ్యది అని అడగడం ఎంత కష్టమో, ఒకే అట్మాస్ ఫైలు రెండు యంత్రాలలో రెండు విధాలుగా వినిపించినప్పుడు ఏది కర్తృసమ్మతమని అడగడం కొంతవరకు అంత కష్టం. పోలికకు హద్దు ఉన్నది. రేకులలో నాదమే పోయింది. ఇక్కడ నాదం ఉన్నది, నెలవు మాత్రమే అనిశ్చితం.

మార్గాల పెంపు, దాని పరాజయం

ఐరోపాలో రేడియో స్టూడియోల సంగీతకారులు మరో దారి తొక్కారు. 1951లో పారిస్‌లో పియెర్ షెఫర్, పియెర్ ఆన్రీల కృతులు వినిపించిన సందర్భంలో, జాక్ పూలాఁ రూపొందించిన పరికరంతో ప్రయోక్త వేదికమీద చేతులు కదిలిస్తూ ధ్వనిని సభలో తిప్పాడు. 1956లో కొలోన్ నగరంలో స్టాక్‌హౌజెన్ ఐదు మార్గాల కృతిని ప్రదర్శించాడు. 1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో లె కార్బుజియే, క్సెనాకిస్‌ల రూపకల్పనలో నిర్మితమైన ఫిలిప్స్ మందిరంలో వరేజ్ కృతి వందలాది స్పీకర్ల గుండా గోడల వెంబడి పాకింది. ప్రదర్శన ముగిశాక మందిరాన్ని పడగొట్టారు. కృతి నేడు స్టీరియో రికార్డుగా లభిస్తుంది; కాని అది పుట్టిన కట్టడం లేదు. స్పీకర్లకు కట్టుబడిన నెలవు ఆ స్పీకర్లతోనే నశిస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

జనప్రియ సంగీతంలో ఇదే కోరిక 1967 మే నెలలో లండన్ క్వీన్ ఎలిజబెత్ హాలులో పింక్ ఫ్లాయిడ్ బృందపు కచేరీలో కనిపించింది. అజిమత్ కోఆర్డినేటర్ అనే మీటలపెట్టెతో వాద్యధ్వనిని శ్రోతల చుట్టూ తిప్పారు. దాని వెంట 1970ల తొలినాళ్ళలో నాలుగు మార్గాల క్వాడ్రఫోనిక్ రికార్డులు వచ్చాయి. సి.బి.ఎస్. సంస్థ ఎస్.క్యూ. అన్నది, సాన్సుయి క్యూ.ఎస్. అన్నది, జె.వి.సి. సి.డి.-4 అన్నది. ఒకదాని రికార్డు మరొకదాని యంత్రంలో సరిగా పలకదు. నాలుగు స్పీకర్లకు గదిలో చోటు చూపవలసిన గృహస్థు ఈ తగవు తీరేదాకా ఆగుదామనుకున్నాడు. తగవు తీరకముందే సరుకు కనుమరుగైంది. వైఫల్యానికి విపణి కలహాన్నే కారణంగా చెప్పడం పరిపాటి. లోతైన కారణం వేరొకటి కనబడుతుంది: నాలుగు మార్గాలంటే నాలుగు స్పీకర్లనే భావం. రెండే ఉన్నవారికీ ఆరు ఉన్నవారికీ అందులో తావు లేదు.

ఈ ముడి విప్పడానికి ఆ దశాబ్దంలోనే ప్రయత్నించినవాడు ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త మైకేల్ గెర్జన్. ధ్వనిని స్పీకర్ల లెక్కన కాక, శ్రోత ఉన్న బిందువు చుట్టూ గల గోళాకార క్షేత్రంగా ముద్రించాలన్నది అతని ఆంబిసోనిక్స్ సిద్ధాంతం. మొదటి మెట్టులో నాలుగు సంకేతాలు చాలు: ఒకటి దిక్కుతో నిమిత్తం లేని మొత్తం ధ్వని, తక్కిన మూడు ముందువెనుకలు, కుడియెడమలు, మీదుకిందులు. ఎన్ని స్పీకర్లున్నా వాటికి తగిన పాళ్ళు గణితంతో రాబట్టవచ్చు. గెర్జన్ 1996లో మరణించేనాటికి ఇది విపణిలో ఓడిన సిద్ధాంతం. తరువాత వర్చువల్ రియాలిటీ దృశ్యాలకు తల తిప్పినకొద్దీ తిరిగే ధ్వని కావలసివచ్చినప్పుడు పూర్వపు సమీకరణాలే అక్కరకు వచ్చాయి. మరొక వైపు 1997లో ఫిన్లండ్ పరిశోధకుడు విల్లె పుల్కి, కోరిన దిక్కునకు అతి సమీపంలోని మూడు స్పీకర్ల మధ్య ధ్వనిని పంచే సదిశ పద్ధతిని ప్రకటించాడు. స్పీకర్లు ఎక్కడున్నాయో యంత్రానికి చెబితే చాలు, ధ్వని నెలవు వేరుగా రాసుకోవచ్చు.

గది, సాఫ్ట్‌వేర్, రెండరర్

2012లో "బ్రేవ్" చిత్రంతో సినిమాకు వచ్చిన డాల్బీ అట్మాస్ ఈ రెండు ధోరణులనూ రాజీ చేసింది. ఒకేసారి 128 దారులు వాడుకోవచ్చు. సాధారణ అమరికలో పది దారులు "బెడ్", అంటే నిర్ణీత స్పీకర్లకు కట్టుబడిన పాత తరహా పరుపు. మిగిలిన 118 "ఆబ్జెక్టులు". ఒక్కొక్క ఆబ్జెక్టు వెంట దాని నెలవును తెలిపే అంకెలు క్షణక్షణం నడుస్తాయి. అదే సంవత్సరం చివర "శివాజీ" తమిళచిత్రపు త్రీడీ రూపంతో ఈ పద్ధతి భారతీయ సినిమాలో ప్రవేశించింది. 2015లో "బాహుబలి" దానిని తెలుగు ప్రేక్షకులకు పెద్ద ఎత్తున పరిచయం చేసింది. సంగీతానికి 2019లోను, ఆపిల్ మ్యూజిక్ ద్వారా విస్తృతంగా 2021 జూన్‌లోను విస్తరించింది. ఆ అక్టోబరులోనే లాజిక్ ప్రో 10.7లో అట్మాస్ మిశ్రమానికి కావలసిన పరికరాలు లోపలే చేరాయి. అంతకుముందు వేరే రెండరర్, వేరే తీగల ఏర్పాటు కావలసిన పని ఒక ఇంటి గదిలోకి వచ్చింది.

ఆ గది అమరికలో బ్లూమ్‌లైన్ కాలపు జ్యామితి ఇంకా బతికే ఉంది. 7.1.4 అన్న సంకేతంలో ఏడు స్పీకర్లు చెవి ఎత్తున, ఒకటి అతిమంద్రానికి, నాలుగు తలపైన. ముందరి రెండూ నడిమి రేఖకు చెరొక 30 డిగ్రీల దూరంలో, పక్కవి 90 నుండి 110 డిగ్రీల లోపల, వెనుకవి 135 నుండి 150 లోపల ఉంటాయి. పైవి సుమారు 45 డిగ్రీల ఎత్తులో కనబడాలి. అన్నీ శ్రోతకు సమాన దూరంలో ఉండాలి. గది ఇరుకై కుదరకపోతే దగ్గరి స్పీకరుకు కొంత ఆలస్యం కలుపుతారు. 34 సెంటీమీటర్ల తేడాకు సుమారు ఒక మిల్లీసెకను. చెవులు దిక్కును పోల్చుకొనే కాలభేదం మిల్లీసెకనుకు లోపేనని రేలీ సందర్భంలో చూచాము. కనుక ఈ కొలత చాదస్తం కాదు.

తరువాతి పని సాఫ్ట్‌వేరులో. ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్ వద్ద అట్మాస్‌కు మార్చి, ఏ దారి బెడ్‌లో ఉండాలో, ఏది ఆబ్జెక్టు కావాలో నిర్ణయించాలి. ఈ నిర్ణయంలోనే మిశ్రమకర్త దృక్పథం తెలుస్తుంది. డ్రమ్ముల సమూహం, గది ప్రతిధ్వని సాధారణంగా బెడ్‌లో ఉంటాయి. ఒంటరి వేణువు, ప్రతివచనం పలికే గొంతు ఆబ్జెక్టులవుతాయి. స్టీరియోకు అలవాటుపడినవారికి ఇక్కడ ఎదురయ్యే నష్టం ఒకటున్నది. స్టీరియోలో మొత్తం మిశ్రమాన్ని చివరి కంప్రెసరు గుండా నడిపి, విడి వాద్యాలను ఒకే ఊపిరిలో కట్టేవారు. ఆబ్జెక్టులు ఆ చివరి ద్వారం గుండా పోవు. నేరుగా రెండరర్‌కు వెళతాయి. పాటను ముద్దగా పట్టి ఉంచిన జిగురు కరిగిపోతుంది. తొలినాటి అట్మాస్ మిశ్రమాలు విశాలంగా ఉన్నా బలహీనంగా ఉన్నాయన్న విమర్శకు ఇది ఒక హేతువు. బిగ్గరతనానికి సగటున -18 ఎల్.కె.ఎఫ్.ఎస్., శిఖరానికి -1 డెసిబెల్ అన్న పరిమితి విధించడం మాత్రం మేలే చేసింది. స్టీరియో రికార్డుల అరుపుల పందెం ఇక్కడ చెల్లదు. అతిమంద్ర మార్గం విషయంలో జాగ్రత్త అవసరం. స్టీరియోకు కుదించేటప్పుడు ఆ మార్గాన్ని సాధారణంగా విడిచిపెడతారు. మృదంగపు తొప్పి మోతను అందులో మాత్రమే ఉంచినవాని పాటలో, స్టీరియో శ్రోతకు మృదంగం సగమే మిగులుతుంది.

అసలు చిక్కు హెడ్‌ఫోన్ల దగ్గర వస్తుంది. శ్రోతలలో అధికులు వినేది వాటిలోనే. పన్నెండు స్పీకర్ల గదిని రెండు చెవులకు కుదించడానికి తల, చెవిడొప్పల వల్ల ధ్వనిలో కలిగే మార్పులను అనుకరించే గణితం వాడతారు. చెవిడొప్ప మనిషికొక తీరు. గణితం సగటు మనిషిది. డాల్బీ రెండరరులో మిశ్రమకర్త ప్రతి దారికి దగ్గర, నడిమి, దూరం, లేదా ఏమీ లేదు అన్న సూచన ఇవ్వవచ్చు. ఆపిల్ సంస్థ తన హెడ్‌ఫోన్ల శ్రవణానికి సొంత పద్ధతిని వాడింది. అది ఆ సూచనలను అనుసరించదు. మిశ్రమకర్త దూరంగా పెట్టిన గొంతు ఒక యంత్రంలో దూరంగాను, మరొక యంత్రంలో వేరుగాను వినిపిస్తుంది. అంతకుముందే మరొక మార్పు జరిగి ఉంటుంది. అంతర్జాలం మీద పంపే ప్రతిలో 118 ఆబ్జెక్టులూ విడివిడిగా ఉండవు. సమీపంలో ఉన్నవాటిని గుంపులుగా చేర్చి గరిష్ఠంగా పదహారింటికి తగ్గిస్తారు. లేఖకుడు శ్లోకాలను కుదించి రాసిన తాళపత్రం వంటిది ఆ ప్రతి. సంపూర్ణ పాఠం ఉన్నది స్టూడియో భద్రపరచిన ఫైలులో. దాని నిర్మాణానికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2015లో ప్రకటించిన ఆడియో నిర్వచన నమూనా ఆధారం. అది కూడా రెండరర్ లేకుండా పలకదు.

పాత పాటలకు కొత్త నెలవులు

ఈ పరిస్థితిలో అధిక వివాదాస్పదమైనవి పూర్వకృతుల పునర్మిశ్రమాలు. "ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" 1973 నాటి స్టీరియోలో ఒకటి, అలన్ పార్సన్స్ చేసిన నాలుగు మార్గాల మిశ్రమంలో మరొకటి, 2003లో జేమ్స్ గుత్రీ 5.1లో, 2023లో అట్మాస్‌లో వేరొకటి. బీటిల్స్ బృందపు 1967 నాటి "సార్జెంట్ పెప్పర్స్" విషయం మరీ ఆసక్తికరం. బృందసభ్యులు శ్రద్ధగా కూర్చుని చేయించినది ఒకే మార్గపు మోనో మిశ్రమం. స్టీరియో మిశ్రమం వారు లేనప్పుడు త్వరగా ముగిసింది. లోకంలో వ్యాపించినది మాత్రం ఆ స్టీరియోయే. ప్రచురం వేరు, కర్తృసమ్మతం వేరు అన్న భేదం పరిష్కర్తలకు చిరపరిచితం. 2022లో "రివాల్వర్" పునర్మిశ్రమానికి, ఒకే దారిలో కలిసిపోయిన వాద్యాలను యంత్రాభ్యాసంతో విడదీసే పద్ధతి వాడారు. విడదీసినది పునరుద్ధరణమా, ఊహాపాఠమా? రెండూ కొంత కొంత అనడమే న్యాయం. గొంతు ఆనాటిదే. దాని నెలవు మాత్రం నేటి నిర్ణయం.

1950, 60 దశకాల తెలుగు సినిమా పాటలు మోనోలో ముద్రితమైనవి. విడి దారుల టేపులు లేనిచోట వాటికి స్పేషియల్ రూపం కల్పించాలంటే ఈ విడదీతే మార్గం. అప్పుడు గాయకుని ఎదుట నిలిపి వయొలిన్లను వెనుకకు పంపడం వ్యాఖ్యానమే తప్ప పాఠం కాదు. దానిని వ్యాఖ్యానమని పేర్కొని, మోనో పాఠాన్ని వెంట ఉంచితే తప్పులేదు. మోనోను తొలగించి దాని స్థానంలో దీనిని నిలిపితే ముందుతరం పరిశోధకునికి ఆధారం పోతుంది.

జానపద ప్రదర్శనల స్థితి ఇంకా సున్నితం. బుర్రకథలో నెలవుకు అర్థం ఉంది. తంబురాతో కథకుడు నడుమ నిలుస్తాడు. డక్కీలతో వంతలు చెరొక పక్క. ఒక వంత హాస్యం అందుకుంటే మరొక వంత రాజకీయం అందుకుంటుంది. ఏ పక్కనుండి మాట వచ్చిందన్నదే ప్రేక్షకునికి అది ఏ తరహా మాటో ముందుగా తెలిపే సూచన. ఒకే మైకుతో చేసిన ముద్రణలో ముగ్గురూ ఒకే చోట కుప్పపడ్డారు. గొంతులను నేడు యంత్రం విడదీయగలదు. విడదీసిన తరువాత హాస్యపు వంతను ఎడమకు పంపాలో కుడికి పంపాలో ఆ ఫైలులో ఎక్కడా లేదు. ఆ దళాన్ని చూచినవారి జ్ఞాపకంలోనో, ఎవరైనా తీసిన ఫొటోలోనో ఉండవచ్చు. ఈనాడు కొత్తగా ముద్రించేవారు నాలుగు సంకేతాల ఆంబిసోనిక్ మైకును వేదిక ఎదుట నిలిపి, ఎవరు ఎక్కడ నిలిచారో ఒక కాగితంమీద గీసి ఫైలుతో పాటు భద్రపరిస్తే, ఆ వెదుకులాట తరువాతివారికి తప్పుతుంది.